గడ్డినేలకూ ఓ కొలువు కావాలి

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో రోళ్ళపాడు అని ఓ ఊరుంది. ఆ ఊరి పక్కనున్న 614 హెక్టార్ల నేలను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. పేరులో అరణ్యం ఉంది గానీ అక్కడ అడవి లేదు. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ రేగుపొదలు, ఆపైన ఎటు చూసినా ఆకాశమే. ఆ గడ్డిని నమ్ముకుని బతికే బట్టమేక పిట్టను, నేలనెమలిని కాపాడాలన్నది ఆ ప్రకటన ఉద్దేశం. 1980లలో అక్కడ బట్టమేకలు పదుల సంఖ్యలో తిరిగేవి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఏళ్ళ తరబడి అక్కడ మకాం వేసి వాటి నడతను రాసుకున్నారు. ఇవాళ రోళ్ళపాడులో అభయారణ్యం ఉంది, కాపలా ఉంది. స్థిరంగా ఉండే బట్టమేక మాత్రం ఒక్కటీ లేదు.

పిట్ట ఎందుకు పోయిందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మీటరు ఎత్తు పెరిగి, మగదైతే 15 కిలోల దాకా తూగే ఈ పక్షి 614 హెక్టార్లలో ఒదిగి బతికేది కాదు. గడ్డిలో గుడ్డు పెట్టి, చుట్టుపక్కల మెట్టచేలలో మిడతలూ పురుగులూ ఏరుకుని తినేది. సాధారణంగా పెట్టేది ఒక్కటే గుడ్డు, అదీ వట్టి నేలమీద. కాలువ నీళ్ళొచ్చి ఆ మెట్టపైర్లు మారిపోయాయి. అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి రైతుల చేలమీద పడ్డాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యం అన్న మాటే చేదైంది. ఇందులో ఏ ఒక్కటీ కర్ర పట్టుకుని కాపలా కాస్తే ఆగేది కాదు. ఇక్కడి గడ్డి ఎన్ని జింకలకు సరిపోతుంది, గొర్రెల మంద ఏ నెలలో లోపలికి రావచ్చు, ఏ నెలలో రాకూడదు, చుట్టూ ఏ పైరు ఉంటే పిట్ట నిలుస్తుంది, నష్టపోయిన రైతుకు ఎవరు, ఎలా న్యాయం చేయాలి - ఇవన్నీ తెలిసి, ఇదే తన వృత్తిగా ఆ నేలమీద ఏళ్ళపాటు నిలబడే మనిషి కావాలి. అలాంటి ఉద్యోగం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. నేను చెప్పదలచింది ఆ లేని కొలువు గురించే.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2022లోనే ఓ తీర్మానం చేసి, 2026ను మేతభూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరుగుతాయి, పోస్టర్లు వెలుస్తాయి. గడ్డిని చూసుకునే మనిషిని నియమించకపోతే ఆ సంవత్సరం మన ఊళ్ళను తాకకుండానే వెళ్ళిపోతుంది.

బంజరు అన్న పేరు

మన మాటల్లోనే గడ్డికి విలువ తక్కువ. తప్పు చేసినవాణ్ణి గడ్డి తిన్నావా అంటాం, లెక్కలేనివాణ్ణి గడ్డిపోచలా తీసిపారేస్తాం. గరిక లేనిదే వినాయక చవితి పూజ లేదు, దర్భ లేనిదే పితృకార్యం లేదు. అయినా అవి మొలిచే నేలకు మన్నన లేదు. ఈ చిన్నచూపు రికార్డుల్లోకీ ఎక్కింది. శిస్తు తెచ్చేదే భూమి, తేనిది వృథా అన్న లెక్క తెల్లదొరల పాలనలో స్థిరపడింది. దొరలు పోయినా లెక్క మిగిలింది. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి రూపొందించే బంజరు భూముల అట్లాసు 2019 సంచిక ప్రకారం దేశంలో 5.57 కోట్ల హెక్టార్లు బంజరు. అంటే దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం. ఆ జాబితాలో పొదలనేలలున్నాయి, పాడుబడిన మేతభూములున్నాయి. ఉపగ్రహం పైనుంచి చూసి చెట్టు లేదు, పైరు లేదు అని నిజమే చెప్పింది. దాన్ని బంజరు అన్నది మనిషి. ఆ మాట ఒకసారి పడ్డాక ఆ నేలను దేనికిచ్చినా ఉపకారమే అనిపిస్తుంది. ఫ్యాక్టరీకైనా, లేఅవుట్‌కైనా, సోలార్ పలకలకైనా, చివరికి మొక్కలు నాటడానికైనా.

నష్టం ఎంతో ప్రభుత్వ లెక్కే చెబుతోంది. ఎడారీకరణపై ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి భారతదేశం ఇచ్చిన సమాచారం ప్రకారం 2005లో సుమారు 1.8 కోట్ల హెక్టార్లున్న గడ్డిభూమి 2015 నాటికి 1.23 కోట్ల హెక్టార్లకు తగ్గింది. పదేళ్ళలో దాదాపు మూడోవంతు మాయం. ఇదే వేగంతో అడవి పోయుంటే దేశం అట్టుడికేది. గడ్డి పోయింది గనుక ఎవరూ తల తిప్పి చూడలేదు.

మన రెవెన్యూ పరిభాషలో ఆ నేలకు మంచి పేర్లే ఉండేవి. కోస్తా, సీమ గ్రామాల అడంగళ్ళలో మేత పోరంబోకు అని రాసేవారు. తెలంగాణలో కంచ అన్నారు. కంచ అంటే మేతకోసం విడిచిన భూమి. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద పెద్ద పోరాటం నడిచింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని చెట్ల నరికివేతను ఆపింది. ఆ చర్చ అంతా అది అడవా, కాదా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ నేల ఏమిటో దాని పేరులోనే ఉంది. మేతనేలగా దానికి విలువ ఉందని వాదించే చట్టపు ఆసరా మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఒక నేలను కాపాడుకోవాలంటే ముందు అది అడవి అని రుజువు చేయాల్సి రావడమే మన విధానంలోని అసలు లోటు.

దేశపు గొర్రెల్లో సగం మనవే

ఇది పిట్టల ప్రేమికుల వ్యవహారం మాత్రమే అనుకునేవారు ఒక అంకె చూడాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7.43 కోట్లు. అందులో తెలంగాణవి 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌వి 1.76 కోట్లు. మొదటి రెండు స్థానాలూ మనవే. రెండు రాష్ట్రాల లెక్క కలిపితే దేశపు గొర్రెల్లో దాదాపు సగం. నెల్లూరు గొర్రె, దక్కనీ గొర్రె ఈ బీళ్ళమీద పుట్టి పెరిగిన జాతులు. కురుమలు నేసే నల్ల గొంగడి ఈ గడ్డి నుంచే వచ్చింది.

తెలంగాణ ప్రభుత్వం 2017లో గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. గొల్ల కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. ఆ కుటుంబాల చేతికి ఆస్తి అందించాలన్న ఆలోచన మంచిదే. గొర్రెతోపాటు బీమా, వైద్యం, రవాణా గురించి కూడా మాట్లాడారు. అయితే ఊరికి కొత్తగా వచ్చిన ఈ మందలు ఏ నేలమీద మేయాలి, ఆ నేల ఎన్నింటిని మోయగలదు అని లెక్కగట్టే బాధ్యత ఏ అధికారి ఉద్యోగ విధుల్లోనూ లేదు. పశుసంవర్ధక శాఖ గొర్రెకు టీకా వేస్తుంది. రెవెన్యూ శాఖ భూమికి సర్వే నంబరు వేస్తుంది. అటవీశాఖ చెట్టును లెక్కిస్తుంది. గొర్రెకూ భూమికీ నడుమనున్న గడ్డి ఎవరి ఖాతాలోనూ పడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు, పశుసంవర్ధక సహాయకుడు ఉన్నారు. ఇంతమంది ఉన్న ఆ కార్యాలయంలోనూ ఊరి మేత పోరంబోకు సంగతి అడిగితే ముగ్గురూ ఒకరి వైపు ఒకరు చూసుకోవాల్సిందే.

ఫలితం కాపరి మీద పడుతుంది. ఊరి బీడు తరిగిపోతే మంద ఎక్కువకాలం రోడ్డుమీద ఉంటుంది. వానలు వెనుకబడ్డ ఏడాది మెట్ట జిల్లాల కాపరులు నల్లమల అంచులకో, కోత అయిపోయిన మాగాణి చేలకో నెలల తరబడి వలసపోతారు. ఒకప్పుడు రైతే ఎదురొచ్చి తన చేలో మంద పెట్టించుకునేవాడు. రాత్రంతా మంద పడుకున్న చేనుకు వేరే ఎరువు అక్కర్లేదు. ఇప్పుడు ఆ దారుల్లోనే కంచెలు, వెంచర్లు, కేసులు. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, సంచార పశుపోషకుల రుతువారీ రాకపోకల హక్కును స్పష్టంగా గుర్తించింది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. చట్టం ఉంది, తీర్పు ఉంది. వాటిని పట్టుకుని బీడుకు హద్దులు వేసి, మేతకు రోజులు నిర్ణయించే మనిషి లేడు.

చెట్టు నాటడం మేలే, ఎక్కడ అన్నదే ప్రశ్న

గడ్డినేలకు గొడ్డలికన్నా మొక్కలు నాటే చేయే ఎక్కువ హాని చేసింది. వినడానికి కటువుగా ఉన్నా ఇది చరిత్ర. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు వంటచెరకు కరువు తీర్చేందుకు అమెరికా ఖండపు తుమ్మ గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. దాన్నే మనం సర్కారు తుమ్మ అంటున్నాం. ఎవరు తెచ్చారో జనం పేరులోనే రాసిపెట్టుకున్నారు. కచ్ఛ్‌లోని బన్నీ గడ్డిమైదానంలో 1961లో అదే చెట్టును అటవీశాఖ నాటింది. ఉప్పు నేలను ఆపుతుందనుకున్న చెట్టు ఆసియాలోనే పేరుమోసిన గడ్డినేలను ముళ్ళపొదగా మార్చింది. కర్ణాటక రాణిబెన్నూరులో కృష్ణజింకల అభయారణ్యంలోనే యూకలిప్టస్ వేశారు. ఆ తర్వాత అక్కడ బట్టమేకకు నిలువ నీడ దొరికింది గాని నిలవడానికి చోటు లేకపోయింది. నేలమీద గూడు పెట్టి, చుట్టూ దూరం కనిపిస్తేనే నిబ్బరపడే పక్షికి చెట్టు అండ కాదు, డేగ కూర్చునే కొమ్మ.

ఈ పొరపాటు వెనుక దురుద్దేశం లేదు. 1988 జాతీయ అటవీ విధానం దేశ భూభాగంలో మూడోవంతు అడవి, చెట్ల కింద ఉండాలంది. హెక్టారు దాటిన నేలలో పది శాతం చెట్ల నీడ ఉంటే ప్రభుత్వ సర్వేలో అది అడవి. అంతకన్నా తక్కువైతే పొదనేల, లేదా అడవి కానిది. ఇలాంటి కొలబద్ద చేతికిస్తే ఏ అధికారైనా చెట్టు లేని నేల వెతికి మొక్క నాటుతాడు. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం చెట్ల కింది విస్తీర్ణాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. రోడ్ల వెంట, చెరువుగట్లపై, బడి ఆవరణల్లో మొక్క పెట్టడం మేలే. గడ్డిబీడులో పెట్టడమే చేటు. బీడు కూడా కర్బనాన్ని పట్టి ఉంచుతుంది, ఎక్కువ భాగం మట్టిలో, వేళ్ళలో. అడవి తగలబడితే కాండంలోని కర్బనం గాలిలో కలుస్తుంది. గడ్డి తగలబడ్డా వేరు కింద భద్రంగా ఉంటుంది, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. ఏది బీడు, ఏది ఒకప్పుడు అడవై చెడిపోయిన నేల అని మొక్క నాటకముందే తేల్చిచెప్పగల వృత్తినిపుణుడు ఉంటే ఈ పొరపాటు జరగదు.

గడ్డిని తూచే పని

ఇంతకీ ఈ మేతభూముల నిపుణుడు చేసే పనేమిటి? కొంచెం దగ్గరగా చూద్దాం.

వానాకాలం ముగిసే వేళ బీడులోకి వెళతాడు. మీటరు పొడవు, మీటరు వెడల్పున్న ఇనుప చట్రాన్ని ముందుగా గీసుకున్న దారి వెంట లెక్క ప్రకారం అక్కడక్కడ నేలమీద పెడతాడు. గడ్డి బాగున్నచోట పెడదామన్న ఆశను ఆపుకోవాలి. చట్రం ఎక్కడ పడితే అదే లెక్క. లోపల ఎన్ని రకాల గడ్డి ఉంది, వట్టి నేల ఎంత, గొర్రె ఇష్టంగా కొరికింది ఏది, ముట్టనిది ఏది అని రాసుకుంటాడు. ఆ చదరపు మీటరు గడ్డిని మొదలు దాకా కోసి, కాగితపు సంచిలో కట్టి, ఎండబెట్టి తూస్తాడు. చదరపు మీటరుకు సగటున వంద గ్రాముల ఎండుగడ్డి తూగిందనుకుందాం. హెక్టారుకు వెయ్యి కిలోలు. సగం మేపు, సగం విడువు అన్నది ఈ శాస్త్రంలో పాత సూత్రం. విడిచిన సగమే వేరును బతికిస్తుంది, మట్టిని కప్పుతుంది, పిట్టకు గూడవుతుంది. మేతకు మిగిలింది 500 కిలోలు. ముప్ఫై కిలోల గొర్రె రోజుకు సుమారు ఒక కిలో ఎండుమేత తింటుంది. అంటే ఆ హెక్టారు ఒక గొర్రెను ఏడాదిపాటు, మరోదాన్ని నాలుగు నెలలపైన పోషిస్తుంది. ఈ చిన్న లెక్క చేతిలో ఉంటేనే ఊరివాళ్ళతో కూర్చుని మందలు ఎన్ని, ఏ వైపు బీడు ఎప్పుడు తెరవాలి, ఏది ఈ ఏడు పడావు పెట్టాలి అని మాట్లాడగలం. ఈ లెక్క లేకుండా మాట్లాడితే అయితే మొత్తం నిషేధం, లేకపోతే మొత్తం విచ్చలవిడి.

లెక్కతోపాటు చూపు కావాలి. నీటి తొట్టి ఎక్కడ కడితే మంద అక్కడే తొక్కి నేలను చంపుతుంది. కంచె కిందితీగ మరీ కిందికి ఉంటే జింకపిల్ల ఇరుక్కుంటుంది. నిప్పు ఏ నెలలో పెడితే గడ్డికి మేలు, ఏ నెలలో పెడితే గుడ్లు కాలిపోతాయో తెలియాలి. సర్కారు తుమ్మ నరికి వదిలేస్తే రెండింతలై లేస్తుంది గనుక వేరుతో పెకలించాలి. గడ్డి శాస్త్రం, మట్టి శాస్త్రం, పశువైద్యం, వన్యప్రాణి శాస్త్రం, ఊరి పంచాయితీ - ఐదూ ఒకే మనిషిలో కొంత కొంత కలవాలి. ఈ వృత్తి కష్టమూ అదే, అందమూ అదే.

మేత ఎప్పుడూ శత్రువు కాదనడానికి కడప జిల్లాలోనే ఋజువుంది. ప్రపంచంలో మన ప్రాంతానికే చెందిన కలివికోడి 1900 తర్వాత కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర మళ్ళీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ చిన్న పిట్టను వెంటాడటం కుదరదు గనుక పరిశోధకులు పొదల నడుమ మట్టిని మెత్తగా జల్లించి పట్టీలుగా పరిచారు. రాత్రి పిట్ట నడిస్తే తెల్లవారి ఆ మట్టిమీద మూడువేళ్ళ అడుగు కనిపించేది. ఆ అడుగులు ఎక్కడ పడ్డాయో చూసి, చుట్టూ పొదలు లెక్కపెట్టారు. చిక్కటి పొదలోనూ అది లేదు, బోడినేలలోనూ లేదు. నడుమ నడుమ ఖాళీ విడిచిన పలచటి పొదనేలే దానికి కావాలి. పొదలను పూర్తిగా నరికితే పోతుంది. పశువులను, మనుషులను పూర్తిగా ఆపితే పొదలు దట్టమై అప్పుడూ పోతుంది. ఎంత మేత, ఎంత కోత అన్న తూకమే దాని ప్రాణం. తెలుగుగంగ కాలువ పనులు ఆ ఆవాసంలోకి చొచ్చుకొచ్చినప్పుడు మార్గం మార్పించగలిగింది కూడా ఆ ఓపికైన అడుగుల లెక్కే. భావోద్వేగంతో అడిగితే ఏ ఇంజనీరూ కాలువ తిప్పడు. ఆధారం చూపిస్తే తిప్పాడు.

ఇతరులు ఎలా చేశారు

అమెరికా ఈ పాఠాన్ని దుమ్ము తిని నేర్చుకుంది. 1930లలో పడమటి మైదానాలు మేతతో, దుక్కితో చితికి ధూళి తుపానులయ్యాయి. 1934లో టేలర్ మేత చట్టం వచ్చింది. 1946లో భూ యాజమాన్య సంస్థ ఏర్పడింది. ఇవాళ అది సుమారు 24.5 కోట్ల ఎకరాల ప్రభుత్వ భూమిని చూస్తోంది. 1948లో ఈ వృత్తివారు తమకంటూ ఓ సంఘం కట్టుకున్నారు. అక్కడి కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో మేతభూముల నిపుణుడు అన్నది ఒక విడి ఉద్యోగం. దానికి చదువు ఎంత కావాలో నియమంలోనే ఉంది. డిగ్రీలో కనీసం 42 సెమిస్టర్ గంటలు సంబంధిత శాస్త్రాలు, అందులో 18 గంటలు అచ్చంగా మేతభూముల యాజమాన్యం. ఉద్యోగం ముందు పుట్టింది గనుక కోర్సులు పుట్టాయి, కోర్సులు ఉన్నాయి గనుక పిల్లలు చేరారు.

వాళ్ళ తప్పులు మనం తెచ్చుకోనక్కర్లేదు. ఆ భూములనుంచి మూలవాసులను వెళ్ళగొట్టి, తోడేళ్ళను తుడిచిపెట్టి ఆ తర్వాత శాస్త్రం రాసుకున్నారు. మన దగ్గర శాస్త్రం మొదలవ్వాల్సింది కాపరి నుంచే. ఏ గడ్డి పాలిచ్చే గొర్రెకు మంచిది, ఏ గడ్డి ముదిరితే ముల్లై మూతికి గుచ్చుకుంటుంది, తోడేలు ఏ వాగులో పిల్లలు పెట్టింది - ఇవి పుస్తకంలో చదివినవాడికన్నా మంద వెనుక నడిచినవాడికే ముందు తెలుసు. అదే మనకు అమెరికాకన్నా ఎక్కువ ఉన్న పెట్టుబడి.

మన నేలమీదా దారి చూపినవాళ్ళున్నారు. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, చుట్టుపక్కల గ్రామాలవారు కలిసి 1990ల తొలినాళ్ళ నుంచి వేల ఎకరాల రెవెన్యూ బంజరును కల్పవల్లిగా మార్చారు. నిప్పును ఆపారు, కాపలా పెట్టుకున్నారు, మేతకు కట్టుబాట్లు రాసుకున్నారు. బోడికొండల మీద గడ్డి నిలిచింది, వాగుల వెంట ఈతచెట్లు లేచాయి, మందలకు మేత దొరికింది, తోడేళ్ళు తిరిగాయి. కాగితం మీద మాత్రం అది బంజరుగానే ఉండిపోయింది. అందుకే గాలిమరలు వచ్చినప్పుడు, వాటికోసం కొండలను కోసి రోడ్లు వేసినప్పుడు, ఆ ఊళ్ళు ఇరవై ఏళ్ళు పెంచుకున్నదానికి రికార్డులో విలువ దొరకలేదు. స్వచ్ఛంద కృషి నేలను బతికించగలదు. హోదా ఇవ్వాల్సింది ప్రభుత్వమే.

ఈ దారిన వెళ్ళాలనుకునే పిల్లలకు

బైపీసీ చదివిన పిల్లలకు ఇంట్లో చెప్పే దారి ఒక్కటే, నీట్. సీటు రాకపోతే జీవితం పోయినట్టు బెంగ. గడ్డినేల కూడా వారికి ఓ దారి కాగలదు. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల 2016 నుంచి నాలుగేళ్ళ ఫారెస్ట్రీ డిగ్రీ నడుపుతోంది. తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, వ్యవసాయం, పశువైద్యం చదివినవారెవరైనా ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష రాయవచ్చు. గడ్డి మీదే పరిశోధన చేయాలంటే 1962 నుంచి ఝాన్సీలో భారత గడ్డిభూములు, పశుగ్రాస పరిశోధన సంస్థ ఉంది. వన్యప్రాణి శాస్త్రంలో పీజీకి డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం పేరున్నవి. మెట్టనేలల గురించి నేర్చుకోవాలంటే హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) ఉంది. ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకుంటే అదే నగరంలోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం లాంటిచోట్ల పని ఉంది.

అయితే పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. ఈ చదువులన్నీ అయ్యాక నేరుగా బీడు మీద నియమించే ప్రభుత్వ ఉద్యోగం ఇంకా లేదు. చాలామంది క్షేత్ర పరిశోధకులు ప్రాజెక్టు జీతాల మీద బతుకుతున్నారు. ప్రాజెక్టు ముగిస్తే జీతం ఆగుతుంది, ఆ నేల గురించి వారికి తెలిసినదంతా వారితోపాటే వెళ్ళిపోతుంది. అభయారణ్యాల్లో రోజుకూలీ మీద పనిచేసే కాపలాదారులది మరీ దయనీయం. ముప్ఫై ఏళ్ళు పిట్టను చూసిన మనిషికి ఏ హోదా లేకుండానే వయసు అయిపోతుంది.

చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. మొదట, బంజరు జాబితాలోంచి సహజ గడ్డిభూములను, పొదనేలలను విడదీసి రికార్డుల్లో వాటి పేరు వాటికి ఇవ్వాలి. ఉపగ్రహ చిత్రాలున్నాయి, శాస్త్రవేత్తలు హైదరాబాద్‌లోనే ఉన్నారు. రెండోది, మందలు ఎక్కువున్న ప్రతి మెట్ట జిల్లాలో ఒక మేతభూముల అధికారి పోస్టు పెట్టాలి. అటవీ, రెవెన్యూ, పశుసంవర్ధక శాఖలు మూడూ ఆయన మాట వినాల్సిన అధికారం ఉండాలి. మూడోది, గ్రామస్థాయిలో మేత సహాయకుడు. దీనికి కాపరి కుటుంబాల పిల్లలకు ఏడాది డిప్లొమా పెట్టి, రాతపరీక్షతోపాటు బీడులో పరీక్ష పెట్టాలి. మంద వెనుక నడిచి నేర్చుకున్న విద్యకు ఇప్పటివరకు ఏ సర్టిఫికెట్టూ రాలేదు. అది చదువే అని ప్రభుత్వం తొలిసారి ఒప్పుకున్నట్టవుతుంది. నాలుగోది, నరికిన అడవికి బదులుగా జమయ్యే ప్రత్యామ్నాయ వనీకరణ నిధిలో కొంత భాగాన్ని గడ్డిని బాగుచేయడానికి, సర్కారు తుమ్మను తీయడానికి ఖర్చుపెట్టేలా నిబంధన మార్చాలి.

అభ్యంతరాలు వస్తాయి, రావాలి కూడా. పేదలకు భూమి పంచాలి కదా అంటారు. నిజమే. కానీ గొర్రెలున్న భూమిలేని కుటుంబానికి ఊరి బీడే పొలం. దాన్ని పంచేటప్పుడు ఒక పేదకు ఇవ్వడానికి మరో పేద దగ్గర లాక్కోకూడదు. సౌరవిద్యుత్తు వద్దా అంటారు. కావాలి. ఓర్వకల్లు ప్రాంతంలో 2017లో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు వచ్చింది. సీమకు అలాంటివి ఇంకా వస్తాయి. ఏ బీడులో పెడితే నష్టం తక్కువ, తీగలు ఎక్కడ భూమిలోపల వేయాలి అని ముందే చెప్పగలిగేవాడు ఉంటే పార్కూ నిలుస్తుంది, పిట్టా నిలుస్తుంది. నేరుగా ముందుకు సరిగా చూడలేని బట్టమేక విద్యుత్ తీగలకు తగిలి చస్తోందని సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం వెళ్ళింది. కోర్టు 2021లో ఆదేశమిచ్చింది, 2024లో సవరించింది. నేలమీద ముందే తేలాల్సిన తగవు ఢిల్లీకి చేరింది. కాపరులే బీడును బోడి చేశారు కదా అనేవారూ ఉన్నారు. బీడు సగం తగ్గి మంద అంతే ఉంటే మేత ఎక్కువవక తప్పదు. ఎవరి లెక్కా లేనిచోట తప్పంతా బలహీనుడి మీదకే పోతుంది.

దేశంలో ఇప్పుడు బయట స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు సుమారు 150 అని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. జైసల్మేర్ జిల్లా సమ్‌లో 2019లో మొదలైన పెంపక కేంద్రంలో గుడ్లను పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతోనూ ఒక పిల్ల పుట్టింది. శాస్త్రవేత్తలు తమ పని తాము చేస్తున్నారు. ఆ పిల్లలకు పిల్లలు పుట్టి, ఏదో ఒకనాడు వాటిని బయట వదలాల్సిన రోజు వస్తుంది. ఎక్కడ వదులుతారు? గడ్డి ఎంత ఎత్తుందో, చుట్టూ ఏ పైరుందో, మంద ఎప్పుడొస్తుందో, ఊరివాళ్ళ మనసులో ఏముందో చెప్పగలిగే మనిషి ఉన్నచోటే వదలాలి. ఆ రోజు రోళ్ళపాడు పేరు జాబితాలో ఉండాలంటే ఆ మనిషిని ఇప్పుడే నియమించాలి. గడ్డి ఒక్క వానకు చిగురిస్తుంది. దాన్ని చదవగల మనిషి తయారవడానికి పదేళ్ళు పడుతుంది.